నాడి, స్నాయువు, నరము

సిద్దిపేట బాలునికి ఇంట వినిపించే మాట ‘నరము’. చేతిపై నీలంగా ఉబ్బి కనబడేదీ నరమే, మెడ తిప్పలేనప్పుడు పట్టిందనేదీ నరమే. వైద్యుడు మణికట్టు వద్ద చూచేది నాడి. పాఠ్యపుస్తకంలో నాడీకణము. ప్రవచనంలో డెబ్బదిరెండు వేల నాడులు. ఇవన్నీ ఒకటేనా అని అతడడిగితే, ‘ఒకటే, ఋషులకు అన్నీ ముందే తెలుసు’ అని పెద్దలు త్వరపడి చెప్పడం కద్దు. ఆ సమాధానం శాస్త్రానికీ, శ్రుతికీ కూడా అన్యాయమే.

కఠోపనిషత్తు హృదయనాడులు 101 అని, వాటిలో ఒకటి మూర్ధాభిముఖంగా సాగుతుందని చెబుతుంది. ప్రశ్నోపనిషత్తు ఒక్కొక్కదానికి నూరేసి శాఖలను, ఒక్కొక్క శాఖకు 72,000 ప్రతిశాఖలను చెబుతుంది, కూడితే 72,72,10,201. వాటి మూలం హృదయం, మెదడు కాదు. వాటిలో సంచరించేది వ్యానవాయువు. కఠోపనిషత్తు అక్కడ విచారించేది ప్రయాణకాలంలో జీవుని గతిని. శరీరవిచ్ఛేదం దాని ప్రయోజనం కాదు.

విచ్ఛేదం చేయించినవాడు సుశ్రుతుడు. ఆయన 900 స్నాయువులను లెక్కించి, పలకలను బంధాలతో బిగించిన నావవలె దేహం వాటివల్ల భారం వహిస్తుందన్నాడు. అవి కట్టుత్రాళ్లు, వార్తాహరులు కావు. విశేషమేమంటే గ్రీకుల ‘న్యూరాన్’ ఈ స్నాయుశబ్దానికి సోదరమే. దానికీ తొలి అర్థం కట్టుత్రాడే. అరబ్బీ ‘అసబ్’ కూడా అంతే. సిద్దిపేట నిజాం రాజ్యంలో ఉన్న కాలాన, 1918లో ఉర్దూ మాధ్యమంతో ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలసినప్పుడు, అక్కడి విద్యార్థికి నరమంటే ఆ అసబే. కోసి చూచినవారందరికీ తెల్లని త్రాడే కనబడింది మరి!

ఆ త్రాడు చేసే పని తెలిసింది చాలా ఆలస్యంగా. 18వ శతాబ్దాంతంలో గాల్వానీ కప్పకాలిని విద్యుత్తుతో కదలించాడు. 1850లో హెల్మ్‌హోల్ట్స్ కప్ప నాడిలో ఆ వార్త వేగాన్ని కొలిస్తే సెకనుకు సుమారు 30 మీటర్లు తేలింది. అంతవరకు అది కొలతకందదనే పలువురి నమ్మకం.

బాలునికి దీనిని గొట్టమనో, తీగ అనో చెప్పరాదు. వరుసగా నిలిచిన పిల్లలు ఒకరి భుజం ఒకరు తట్టినట్లు అనడం మేలు: ఎవరూ చోటు వీడరు, తట్టు మాత్రం చివరిదాకా పోతుంది. నాడీకణపు పొరకు ఇరువైపుల సోడియం, పొటాషియం అణువులు విద్యుదావేశంతో లోపలికీ వెలుపలికీ కదలడమే ఆ తట్టు. వేడి పెనం తాకిన వేలి వార్త ముందు వెన్నుపామును చేరుతుంది, చేయి తీయమనే ఆజ్ఞ అక్కడినుండే వెలువడుతుంది. మెదడుకు కబురు అందేది ఆ పిదపనే. ‘అమ్మా’ అనేసరికి చేయి పెనాన్ని విడిచే ఉంటుంది.