దేవిడీలకు వచ్చిన నవల

ఆంగ్ల నవలాలోకమునకు హైదరాబాదు రాజ్యమునుండి చేరిన తొలి కానుకలలో మిక్కిలి పేరుమోసినది ఒక హంతకుని వాఙ్మూలము. చిన్నవయసుననే నిజాము సేనలో కొలువునకు కుదిరిన ఫిలిప్ మెడోస్ టేలర్ 1839లో ప్రకటించిన ‘కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్’ అను గ్రంథమున అమీర్ అలీ యను ఠగ్గు, బాటసారుల మెడలకు తాను రుమాలు బిగించిన వైనమును తెల్లదొర యెదుట నిదానముగా చెప్పుకొనిపోవుచుండును. విక్టోరియా రాణి ఆ పుస్తకము సంపూర్ణముగా అచ్చగు వరకైనను ఆగలేకపోయెనని ప్రతీతి. లండను పాఠకునకు ఈ దేశమనగా ఆ దారులు, ఆ రుమాలు, ఆ భయము. మరి ఈ గడ్డపై నివసించువారు తమ కథను తామే చెప్పుకొనదలచినపుడు, ఇంగ్లీషువారి యొద్ద నేర్చిన ఆ నవల వీరిచేత ఏ రూపము దాల్చెను?

ఇట్టి చిక్కు మనకంటె ముందు అమెరికావారికి కలిగినది. ఇంగ్లాండులో నవలకు కావలసిన సరంజామా యంతయు సిద్ధముగా నుండెను: తరతరాల భవనములు, వారసత్వపు తగవులు, అంతస్తుల తారతమ్యములు, వీటి నడుమ వరుని ఎంచుకొనవలసిన ఒక కన్య. 1789లో విలియమ్ హిల్ బ్రౌన్ వ్రాసిన ‘ది పవర్ ఆఫ్ సింపతీ’, అమెరికావారి మొదటి నవలగా గణింపబడుచున్నదైనను, లేఖల రూపమునను, వంచితయగు యువతి వృత్తాంతమునను ఆంగ్ల నవలాకారుడు రిచర్డ్‌సన్ అడుగుజాడలనే నడచినది. పదేండ్లకు చార్లెస్ బ్రాక్‌డెన్ బ్రౌన్ తన ‘ఎడ్గర్ హంట్లీ’ పీఠికలో కొంత ధైర్యము చూపెను. పాడుపడిన కోటలు, వాటిలో తిరుగు దయ్యములు తమ దేశమున లేవనియు, అడవియు, ఆదిమవాసులతోడి వైరమును ఉండగా అరువు భయములతో తమకు పనిలేదనియు ఆయన వాదము. ఆ భూమిని పోగొట్టుకొన్నవారి భయము సంగతి ఆయనకు తోచలేదు. అది వేరొక కథ. ఏమైనను, లేని కోట స్థానమున అడవి నిలిచినది, నవల స్వభావము మారినది.

మన హైదరాబాదులో కోటలకేమి కొరత? గోలకొండ యుండెను, చార్మినారు చుట్టును ఎత్తైన గోడల దేవిడీలు, అనగా ప్రభువుల భవనములు, వరుసలుగా నుండెను. ఇచట లేనిది మరియొకటి. ఆంగ్ల నవల ప్రాణమంతయు కన్యకావరుల పరస్పర పరిచయమునందును, సంశయములందును, తుదకు చర్చి గుమ్మము కడ జరుగు కల్యాణమునందును ఉండగా, పెద్దలు సంబంధము కుదుర్చు ఇండ్లలో, ఆడవారు పరదా దాటని ఇండ్లలో, ఆ ఘట్టమునకు తావెక్కడిది? నాటి మన నవలాకారులందరును ఈ ఖాళీని పూరించుటకే ఎవరి ఉపాయము వారు పన్నిరని నా అభిప్రాయము. ఆ ఉపాయములను పరిశీలించినచో, వారు ఇంగ్లీషునుండి తెచ్చుకొన్నదానికంటె తేలేకపోయినదే వారిని నవలాకారులను చేసినదని తోచును.

ఉర్దూ నవలకు పురుడుపోసినది ఉత్తరదేశమే యైనను, ఆ తొలి తరమువారు ఒక్కరొక్కరుగా హైదరాబాదునకు తరలివచ్చిరి. మొదట వచ్చినవాడు నజీర్ అహ్మద్. మొదటి సాలార్‌జంగు దివానుగా నున్న కాలమున, 1877లో వచ్చి, 1884 వరకు ఈ రాజ్యమున ఉన్నతోద్యోగము చేసెను. అంతకుముందే 1869లో వెలువడిన ఆయన ‘మిరాతుల్ అరూస్’ ప్రభుత్వ బహుమానమునొంది ఇంటింటికి చేరినది. తన కుమార్తెలు చదువుకొనుటకై మొదలిడిన ఆ కథలో అక్బరీ, అస్గరీ అను అక్కచెల్లెండ్రు అత్తవారింట కాపురము చేసిన తీరే వస్తువు: అక్క ఇల్లు చెరుపును, చెల్లెలు నిలుపును. ఆంగ్ల నవల యెక్కడ ముగియునో ఇది సరిగా అక్కడ మొదలగును! ‘తౌబతున్నసూహ్’ అను మరియొక నవలకు డిఫో వ్రాసిన గృహనీతి గ్రంథము ఆధారమందురు. అయినను కలరా సోకిన తండ్రి స్వప్నములో పరలోకపు తీర్పును గాంచి మేల్కాంచి, కుమారుని కావ్యములను తగులబెట్టుట చదువునపుడు డిఫో మనకు జ్ఞప్తికి రాడు. గ్రంథకర్త సానుభూతి తండ్రివైపే యైనను, పాఠకుని మనసు మాత్రము పుస్తకములు కోల్పోయిన కుమారుని వెంట పోవును.

రతన్‌నాథ్ సర్షార్ ఉపాయము వేరు. లక్నోలోని ‘అవధ్ అఖ్బార్’లో 1878నుండి ధారావాహికగా వెలువడి, పుస్తకమైనపుడు మూడువేల పుటలు మించిన ‘ఫసానా-ఎ-ఆజాద్’లో, హుస్నారాను వలచిన ఆజాదును ఆ వనిత తురుష్కుల పక్షమున రష్యాతో పోరి రమ్మని పంపివేయును! ప్రణయమును పెంచుటకు వీలులేని చోట ప్రియుని ప్రయాణమును పెంచెను. వెంట ఖోజీ యను బక్కపలుచని ప్రగల్భుని జోడించెను. డికెన్సు, సెర్వాంటిసు ఇరువురును అందు కనబడుచున్నారనుట నిజమే. కాని ఆ పుటలలోని కల్లుపాకలు, కోడిపందెములు, బజారు భాషలు మరెవరివియు కావు. ఈ సర్షార్ 1895లో హైదరాబాదునకు వచ్చి, షాలిబండలో దేవిడీగల మహారాజా కిషన్ పర్షాదు ఆశ్రయమున ‘దబ్‌దబా-ఎ-ఆసఫీ’ పత్రికను నడపి, ఇచటనే కన్నుమూసెను. ఆ ప్రభువు రచనలను దిద్దు కొలువులో ఆ మహాహాస్యకారుడు మునుపటివలె వ్రాయజాలకపోవుట మన దురదృష్టము.

కొంతకాలము ఇచట కొలువు చేసిన అబ్దుల్ హలీం షరర్, క్రైస్తవ ముస్లిం యుద్ధములను వాల్టర్ స్కాటు చిత్రించిన తీరునకు నొచ్చుకొని, 1888లో ‘మలికుల్ అజీజ్ వర్జినా’ వ్రాసి చరిత్రలోనికి తప్పించుకొనెను. వర్తమానమున దొరకని వీరులను, నాయికలను గతమునందు వెదకుకొనుట సులభమైన మార్గము. ఆయన పుస్తకములు విరివిగా అమ్ముడుపోయినవి.

అందరికంటె సాహసి మీర్జా హాదీ రుస్వా. 1899లో వెలువడిన ‘ఉమ్రావ్ జాన్ అదా’లో, పురుషులను కనులారా చూచి, పరీక్షించి, తన మాటలతో నిర్ణయించి చెప్పగల స్త్రీ ఆ సమాజమున ఎవరని ఆలోచించి, వేశ్యయే యని తేల్చుకొని, కథను ఆమె నోటనే చెప్పించెను. డిఫో ‘మోల్ ఫ్లాండర్స్’ సైతము స్వీయకథయే. అయితే మోల్ తన లెక్కలు, సొమ్ములు, భర్తలను ఏకరువు పెట్టుచు ఒంటరిగా మాటలాడును. ఉమ్రావు ఒక కవిసభానంతరము, వినువాడు ఎదుట నుండగా, నడుమ షేరులు వినిపించుచు, అపుడపుడు వానిని హేళన చేయుచు చెప్పును. ఆ వినువాడు రుస్వాయే. సభ్యత చెడకుండ నిజము పలుకుటకు అంతకంటె చక్కని వేదిక ఆంగ్ల నవలలో నా కెందును కానరాలేదు. 1917లో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకై నెలకొల్పిన అనువాదశాలలో ఆయన పాఠ్యగ్రంథములు తర్జుమా చేయుచు, 1931లో ఈ నగరముననే మరణించెను.

తెలుగువారి సంగతియు ఇంతే. 1878లో ‘వివేకవర్ధని’ పత్రికలో మొదలైన వీరేశలింగము పంతులుగారి ‘రాజశేఖర చరిత్రము’నకు గోల్డ్‌స్మిత్ ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ ఆధారమని అందరెరిగినదే. గోల్డ్‌స్మిత్ కథలో పెద్దకూతురు ఒలీవియా జమీందారుని నమ్మి ఇల్లు విడుచును. పంతులుగారి రుక్మిణి కథాప్రారంభమునకే వివాహిత, భర్త మరణించెనను అబద్ధపువార్త ఆమె కష్టములకు మూలము. మోసగించు ప్రియుని స్థానమున బంగారము చేసెదనను బైరాగి, ముహూర్తములు పెట్టు జోస్యుడు నిలిచిరి. ఆంగ్లమునుండి పుట్టిన ఆ కథను హచిన్‌సను 1887లో ‘ఫార్చ్యూన్స్ వీల్’ పేర మరల ఆంగ్లములోనికి త్రిప్పగా, గోల్డ్‌స్మిత్ దేశమువారు దానిని కొత్త కథగా చదువుకొనిరి.

పాతనగరమునకు మూసీ ఆవలనున్న సుల్తాన్‌బజారులో 1901లోనే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసి తెలుగు పుస్తకములను చేర్చుచుండినను, తెలంగాణపు తొలి తెలుగు నవలగా పలువురు పేర్కొను వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ వెలువడుటకు 1955 వరకు వేచియుండవలసివచ్చినది. అప్పటికి దేవిడీల కాలము చెల్లినది. పరదాల వెనుకనుండి నవల గ్రామములోనికి, భూమి తగవులలోనికి నడచిపోయినది. అందును, గమనింపుడు, కన్య ఎవరిని వరించునన్న ప్రశ్న కథకు ఇరుసు కాలేదు.