లయ క్రీడలు: చేతి నేర్పు, తాళపు నేర్పు

మృదంగము నేర్చినవాడు కంజిర చేతబట్టినపుడు జతులు అతనికి క్రొత్తవి కావు. చేయి మాత్రము మరల ఓనమాలు దిద్దవలసియుండును. ఒక విద్యయందలి నేర్పు వేరొక విద్యకు ఎంతవరకు అక్కరకు వచ్చును? ఈ ప్రశ్నను 1901లో థార్న్‌డైక్, వుడ్‌వర్త్ అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞులు పరిశోధించిరి. ఒక ఆకారము గల కాగితపు ముక్కల వైశాల్యమును అంచనా కట్టుటలో ఆరితేరినవారు, ఆకారము మారగానే అంతటి నేర్పు చూపలేకపోయిరి. రెండు పనులకు సమానమైన అంశములు ఎంతమేరకు కలవో, అంతమేరకే నేర్పు సంక్రమించునని వారు తేల్చిరి. జపానులో పెంపొందిన లయ క్రీడల చరిత్ర ఈ సూత్రమునకు చక్కని నిదర్శనమని మేము తలంచుచున్నాము.

తెరపై గుర్తులు కదలుచుండగా, పాట నడకకు సరిగా మీటలు నొక్కుటయే ఈ క్రీడల సారము. 1996 డిసెంబరులో మసాయా మాత్సూరా రూపొందించిన పరప్పా ది రాపర్ ప్లేస్టేషన్ యంత్రముపై వెలువడి ఈ తెగకు దారి చూపినది. 1997 డిసెంబరులో కొనామి సంస్థ బీట్‌మేనియాను వినోదశాలలకు తెచ్చినది. దానికి ఐదు మీటలు, గ్రామఫోను పళ్లెము వంటి చక్రము ఒకటి. గుర్తులు పైనుండి క్రిందికి జారును. మీట నొక్కినచో పాటలోని ఆ ధ్వని పలుకును. 1998లో అదే సంస్థ డాన్స్ డాన్స్ రెవల్యూషన్‌ను తెచ్చి, చేతి పనిని కాళ్లకు అప్పగించినది. ఇచ్చట బాణపు గుర్తులు క్రిందినుండి పైకి పోవును. అడుగు తప్పినను పాటలోని ధ్వనులు చెడవు. 2001లో వచ్చిన నామ్కో వారి తైకో నో తత్సుజిన్‌లో గుర్తులు కుడినుండి ఎడమకు సాగును. ఎరుపు గుర్తునకు డోలు ముఖముపై దెబ్బ, నీలపు గుర్తునకు అంచుపై దెబ్బ.

ఇన్ని తీరుల నడుమ సంక్రమించునదేది? మొదటిది, చేతికంటె కన్ను ముందుగా పోవుట. ఆరితేరిన ఆటగాడు నొక్కుచున్న గుర్తును గాక, రాబోవు గుర్తులను చూచును. వాటిని ఒక్కొక్కటిగా గాక గుంపులుగా చదువును. రెండవది, లోపల నడచు తాళము. ఒక అక్షరకాలమును రెండుగా, మూడుగా, నాలుగుగా విభజించు అలవాటు ఏ యంత్రమునకైనను వెంట వచ్చును. రానిది అవయవముల అభ్యాసము. వ్రేళ్ల చురుకుదనము పాదములకు దిగిరాదు. ఒక్కొక్కప్పుడు పాత అలవాటు అడ్డము కూడ వచ్చును: క్రిందికి జారు గుర్తులకు అలవడిన కన్ను, పైకి పోవు బాణముల చెంత తడబడును. 2006లో నింటెండో వెలువరించిన రిథం తెంగోకులో ఇట్టి గుర్తుల వరుసయే లేదు; చాలవరకు చెవియే ఆధారము. అచ్చట గుర్తులు చదువు నేర్పు చెల్లదు, తాళజ్ఞానమే చెల్లును.

అమెరికాలో ఈ ప్రశ్న వేరొక రూపు దాల్చినది. 2005లో హార్మోనిక్స్ సంస్థ నిర్మించిన గిటార్ హీరో, ఐదు మీటల బొమ్మ గిటారును ఇండ్లకు చేర్చినది. దానిపై గెలిచినవాడు నిజమైన గిటారు వాయింపగలడా? గిటారునకు తీగలు ఆరు. ఒక్కొక్క తీగపై స్వరస్థానములు అనేకము. ఐదు మీటలు ఆ స్థానజ్ఞానమును ఇయ్యజాలవు. 2007లో అదే సంస్థ తెచ్చిన రాక్ బ్యాండ్‌లోని డ్రమ్ముల మాట వేరు. నాలుగు పలకలను పుల్లలతో కొట్టుచు, ఒక మీటను పాదముతో నొక్కు ఆ తీరు నిజమైన డ్రమ్ములకు చేరువ. సమానాంశములు హెచ్చు గనుక, వెంట వచ్చు నేర్పును హెచ్చే.

2011 ఫిబ్రవరిలో ఆక్టివిజన్ సంస్థ తన గిటార్ హీరో విభాగమును మూసివేయుచున్నట్లు ప్రకటించినది. బొమ్మ గిటార్లు అనేకము మూలబడినవి. వాటితో గడపిన గంటలు వ్యర్థములా? మీటల అభ్యాసము ఆ యంత్రముతోనే పోయినది. కాలమును సమముగా కొలుచు బుద్ధి మాత్రము మిగిలినది. కావున పిల్లవాడు ఆటలో అందెవేసిన చేయి యైనాడని సంతసించుటకు గాని, కాలము పాడుచేయుచున్నాడని చింతించుటకు గాని ముందు తల్లిదండ్రులు పరీక్షింపవలసినది ఒక్కటే: తెర ఆర్పిన పిమ్మట అతడు చేతితో తాళము తప్పక వేయగలడా? వేయగలిగినచో ఆ విద్య యంత్రముది గాదు, అతనిదే.