అయిదు వందల డాలర్ల పందెం కారు



కొత్త బండి కొంటే మనం పసుపూ కుంకుమా పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి గాని రోడ్డెక్కించం. అమెరికాలో కార్ల బేరాల దగ్గర నిమ్మకాయ అన్న మాటకు అర్థం వేరు. కొన్ననాటి నుంచీ ఏదో ఒక రోగంతో షెడ్డులో పడి ఉండే కారును వాళ్ళు ‘లెమన్’ అంటారు. ఇక ఫ్రాన్సులో ల మాన్ అనే ఊళ్ళో 1923లో మొదలైన ఇరవై నాలుగు గంటల కార్ల పందెం సంగతి మీలో చాలామంది వినే ఉంటారు. ఈ రెండు పేర్లనూ కలిపి, జే లామ్ అనే పత్రికా రచయిత 2006లో కాలిఫోర్నియాలోని ఆల్టమాంట్‌లో ఒక పందెం పెట్టాడు. పేరు ‘24 అవర్స్ ఆఫ్ లెమన్స్’. ల మాన్‌కు వెళ్ళాలంటే కోట్లు కావాలి. ఇక్కడ మాత్రం కారు ఖర్చు 500 డాలర్లు దాటకూడదు.

వేళాకోళంలాగే ఉంది కదూ. వేళాకోళమే. కాని దాని వెనక ఒక పాత ప్రశ్న ఉంది. చేతిలో పని ఉండి, జేబులో డబ్బు లేనివాడికి మోటారు పందెంలో చోటుందా అన్నది ఆ ప్రశ్న.

మీరూ, మీ నలుగురు స్నేహితులూ అలాంటి పందేనికి దిగుతున్నారనుకోండి. ముందు ఒక ముసలి కారు వెతుక్కుంటారు. తుప్పు పట్టినా, రంగు పోయినా ఫరవాలేదు, ఇంజను తిరిగితే చాలు. ఇంటికి తెచ్చాక లోపలున్నదంతా పీకేస్తారు. సీట్లు, తివాచీ, రేడియో, తలుపుల లోపలి అట్టలు, అన్నీ. బరువు తగ్గడం ఒక లాభం. పీకిన సామాను అమ్మితే వచ్చిన డబ్బును కారు ఖరీదులోంచి తీసేసుకోవచ్చు, అది రెండో లాభం. అందువల్ల 700 డాలర్లకు కొన్న కారు లెక్కలో 500లోపు దిగుతుంది. చిట్టా రాసే స్నేహితుడు ఒకడు జట్టులో ఉండి తీరాలన్నమాట.

ఇక్కడే ఈ పందెంలోని అసలు కిటుకు ఉంది. ప్రాణరక్షణకు సంబంధించిన సామాను 500 డాలర్ల లెక్కలోకి రాదు. కారు బోల్తా పడితే డ్రైవరు నలిగిపోకుండా లోపల ఇనుప గొట్టాలతో పంజరంలాగా కట్టి వెల్డింగు చేస్తారు. దాన్ని రోల్ కేజ్ అంటారు. అదీ, పందెం సీటూ, బెల్టులూ, నిప్పంటుకోని దుస్తులూ, బ్రేకులూ, చక్రాలూ, టైర్లూ అన్నీ విడి లెక్క. వీటన్నిటికీ అయ్యేది కారు ధరకు ఎన్నో రెట్లు. చవక పందెంలో అన్నిటికన్నా చవకైనది కారే! ఇది తెలియక ఉత్సాహపడితే మధ్యలో చెయ్యి ఆగిపోతుంది. అయినా ఈ మినహాయింపు సరైనదేనని నా అభిప్రాయం. పంజరం ఖర్చును కూడా అయిదు వందల్లో ఇరికిస్తే ఎవరైనా మొదట తగ్గించేది దాని నాణ్యతనే.

పందెం రోజున కారును ముందు న్యాయనిర్ణేతల దగ్గరికి తీసుకువెళ్ళాలి. వాళ్ళు బానెట్టు ఎత్తి చూస్తారు, రసీదులు అడుగుతారు, మీరు చెప్పే కథ వింటారు. ‘ఈ కొత్త షాకబ్జార్బర్లు మా బావ ఊరికే ఇచ్చాడండీ’ అంటే నమ్మాలా వద్దా అన్నది వాళ్ళ ఇష్టం. నమ్మకపోతే దాటిన ప్రతి 10 డాలర్లకు ఒక చుట్టు చొప్పున కోత. లంచం ఇవ్వవచ్చు కూడా, బహిరంగంగానే, తినుబండారాల రూపంలో! అంతకన్నా గట్టి నిబంధన ఇంకొకటి ఉంది. నిర్వాహకులు తలుచుకుంటే పందెమయ్యాక మీ కారును 500 డాలర్లకు తామే కొనేసుకోవచ్చు. కారులో రహస్యంగా అయిదువేలు పోసినవాడికి ఆ రాత్రి నిద్ర పట్టదు.

తరవాత పరుగు. పేరులో 24 గంటలున్నా, ఎక్కువ పోటీలు శని ఆదివారాల్లో పగటిపూటే జరుగుతాయి. జట్టులోని వాళ్ళు వంతులవారీగా నడుపుతారు. ఇన్ని గంటలు ఏకధాటిగా పరుగెత్తేటప్పుడు వేగం కన్నా ఓపిక ముఖ్యం. పొడుగాటి మలుపుల్లో ఇంజను ఆయిలు ఒక పక్కకు ఒరిగిపోతుంది. పంపుకు ఆయిలు అందక బేరింగులు కాలిపోతాయి. రేడియేటరు మరుగుతుంది. బ్రేకు ప్యాడ్లు వేడెక్కి పట్టు వదులుతాయి. బాగా నడిపేవాడు మొదటి గంటలో ఇంజను పగలగొట్టుకుంటే, నెమ్మదిగా తిరుగుతున్న డొక్కు కారు వాణ్ణి దాటిపోతుంది. ఇక్కడ గెలిచినవాడికి దక్కేది అన్నిటికన్నా పెద్ద బహుమతి కాదు. దిక్కుమాలిన కారును ఎక్కువ దూరం నడిపించిన జట్టుకే పెద్ద మర్యాద.

ఈ ఆలోచన అమెరికా వాళ్ళకు కొత్తగా పుట్టింది కాదు. అంతకు ముందు అర్ధ శతాబ్దం కిందటే ఇంగ్లండులో ఇలాంటిది మొదలైంది. దానికి ముడిసరుకు ఆస్టిన్ సెవెన్ అనే బుల్లికారు. మోటారుసైకిలుకు తొట్టి తగిలించుకుని భార్యాపిల్లలను తిప్పే సామాన్యుడికి కారు ఇవ్వాలని హెర్బర్ట్ ఆస్టిన్ 1922లో దీన్ని తెచ్చాడు. స్టాన్లీ ఎడ్జ్ అనే కుర్ర డ్రాఫ్ట్స్‌మన్‌ను తన ఇంట్లోనే కూర్చోబెట్టుకుని, బిలియర్డ్స్ బల్ల ఉన్న గదిలో బొమ్మలు గీయించాడు. ఇంజను 747 సీసీ. 1939 వరకు దాదాపు మూడు లక్షల కార్లు తయారయ్యాయి. యుద్ధం ముగిసేసరికి ఇవి ఎక్కడ పడితే అక్కడ పాతసామానుగా దొరికేవి. 1939లో పుట్టిన 750 క్లబ్బు వాళ్ళు వీటితోనే పందేలు పెట్టారు. 1951లో సిల్వర్‌స్టోన్‌లో ఆరు గంటల రిలే పందెం మొదలుపెట్టారు. జట్టుకు కొన్ని కార్లు, బరిలో ఒక్కసారికి ఒక్కటే. ఒకటి ఆగిపోతే ఇంకొకటి బయలుదేరుతుంది. డొక్కు కార్ల స్నేహితులకు ఇంతకంటే అనువైన ఏర్పాటు ఏముంటుంది?

ఆ క్లబ్బు కుర్రవాళ్ళలో ఒకడు కాలిన్ చాప్‌మన్. లండన్‌లో ఇంజనీరింగు చదువుకుంటూ, పాతకార్ల వ్యాపారం చేసేవాడు. 1947లో ప్రభుత్వం సొంత వాడకానికిచ్చే పెట్రోలు రేషను ఆపేయడంతో వ్యాపారం కూలింది. చివరికి అమ్ముడుపోని 1930 నాటి ఆస్టిన్ సెవెన్ ఒకటి మిగిలింది. ప్రియురాలు హేజెల్ తల్లిదండ్రుల ఇంటి వెనకాల షెడ్డులో దాన్నే విప్పి 1948లో పందెం కారుగా మార్చాడు. తరవాత మైకేల్, నైజెల్ ఆలెన్ అనే అన్నదమ్ములతో కలిసి 1951 నాటికి ఇంకొకటి కట్టాడు. ఆస్టిన్ ఇంజనులో నాలుగు సిలిండర్లకు గాలి తీసుకునే దారులు రెండే. చాప్‌మన్ ఆ దారుల మధ్య అడ్డుగోడ పెట్టి, రెంటిని నాలుగుగా పనిచేయించాడు. ఇక అతన్ని పట్టుకోగలవాళ్ళు లేకపోయారు. క్లబ్బువాళ్ళు ఏం చేశారు? మరుసటి ఏటికి ఆ కిటుకు చెల్లదని నిబంధన మార్చారు. తెలివిని శిక్షించారని కొందరికి అనిపించవచ్చు. నాకైతే అది తప్పనిపించదు. ఒక్కడి కోసం బరి వదిలేస్తే, మిగతా ముప్ఫైమంది ఇంటికి పోతారు. చాప్‌మన్‌కు జరిగిన నష్టమేమీ లేదు. అతను పెట్టిన లోటస్ కంపెనీ 1963లో ఫార్ములా వన్‌లో ప్రపంచ విజేత అయింది.

మరి మన వైపు? మద్రాసు నుంచి ఆంధ్రకు వచ్చే దారిలో షోలవరం దగ్గర రెండో ప్రపంచయుద్ధ కాలపు విమానాల పట్టీ ఒకటుండేది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు అక్కడ పందేలు నడిపించింది. దిగుమతులు కట్టుదిట్టంగా ఉన్న రోజులు. ఫియట్, అంబాసిడర్, స్టాండర్డ్ హెరాల్డ్, ఉన్నవి ఇవే. వాటి భాగాలతోనే పందెం కార్లు కట్టుకోవలసి వచ్చేది. అక్కడ చవకతనం నియమం కాదు, గత్యంతరం లేకపోవడం.

దాన్ని ఒక పద్ధతిగా మార్చిన మనిషి కోయంబత్తూరులో పుట్టాడు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే నాయుళ్ళ ఊరది. పొల్లాచ్చి నుంచి పళనికి 1920లో బస్సు నడిపిన జి.డి. నాయుడు గారి ఊరు కూడా అదే. అక్కడ 1910లో జి. కుప్పుస్వామి నాయుడు గారు నెలకొల్పిన లక్ష్మీ మిల్స్ కుటుంబంలోని వారు ఎస్. కరివర్ధన్ గారు. మిల్లు ఇంటి బిడ్డ కాబట్టి ఆయనకు డబ్బుకు కొదవ లేదు. అయినా ఆయన ఆలోచించింది డబ్బు లేని కుర్రవాళ్ళ గురించి. 1988లో మారుతి 800 ఇంజనుతో ఒంటి సీటు పందెం కారు తయారుచేశారు. అందరికీ ఒకే రకం కారు, ఊరూరా విడిభాగాలు దొరికే ఇంజను. ఆస్టిన్ సెవెన్ 747 సీసీ అయితే ఇది 796 సీసీ, చూడండి, ఎంత దగ్గరి చుట్టాలో. ఒకే రకం కారు కావడంతో అడ్డుగోడలూ, దొంగ రసీదులూ పనికిరావు. తేడా నడిపేవాడి చేతిలోనే.

1995లో ఆయన విమాన ప్రమాదంలో చనిపోయారు. ఆయన కార్లు ఆగలేదు. అదే ఊరి నారాయణ్ కార్తికేయన్ శ్రీపెరుంబుదూరు ట్రాకు మీద ఈ ఫార్ములా మారుతితోనే మొదలుపెట్టి, 2005లో జోర్డాన్ జట్టులో చేరి, ఫార్ములా వన్ నడిపిన మొదటి భారతీయుడయ్యాడు. కోయంబత్తూరు పక్కన చెట్టిపాళయంలో ఉన్న పందెం ట్రాకుకు కరివర్ధన్ గారి పేరే పెట్టారు. కరి మోటార్ స్పీడ్‌వే అని దారిలో బోర్డు కనిపిస్తుంది.