పంపకంలో పాట

పంచుకోవడం అనే మాటకు మన భాషలో రెండు అర్థాలున్నాయి. ఉన్నదాన్ని కలిసి అనుభవించడం ఒకటి. ముక్కలు చేసి ఎవరి వాటా వారు పట్టుకుపోవడం రెండోది. బీదరు వాళ్ళకు రెండో అర్థం బాగా తెలుసు. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రాన్ని పంచినప్పుడు మా జిల్లానూ పంచారు. బీదరు, భాల్కి, హుమ్నాబాదు, ఔరాదు మైసూరు రాష్ట్రానికి పోయాయి. జహీరాబాదు, నారాయణఖేడు ఆంధ్రప్రదేశ్‌లోని మెదకు జిల్లాలో కలిశాయి. ఉద్గీరు వైపు తాలూకాలు బొంబాయి రాష్ట్రానికి దక్కాయి. మా అమ్మ పుట్టిల్లు నారాయణఖేడు దగ్గర. ఆమె పెళ్ళై బీదరు వచ్చేనాటికి పుట్టింటికి ఒక ప్రభుత్వం, అత్తింటికి మరో ప్రభుత్వం.

రేడియోకు మాత్రం ఈ పంపకం పట్టలేదు. నిజాం కాలపు దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసింది. ఆ తరువాత హైదరాబాదు కేంద్రం మీడియం వేవ్ 738 కిలోహెర్ట్జ్ మీద వినిపించేది. సుమారు 140 కిలోమీటర్ల దూరాన ఉన్న మాకు సరిహద్దు చెక్‌పోస్టు అడ్డం రాకుండా వచ్చేది. మా నాన్న పోస్టాఫీసులో ఏటేటా రేడియో లైసెన్సుకు డబ్బు కట్టేవాడు. పెట్టె ఒకటి, వినేవాళ్ళు తొమ్మిది మంది. అమ్మకు తెలుగు పాటలు కావాలి, నాన్నకు ఉర్దూ గజళ్ళు కావాలి, మాకు బినాకా గీత్‌మాలా కావాలి. తగవులు జరిగేవి. అయినా ఇష్టం లేని పాట చెవిన పడక తప్పేది కాదు. కన్నడ బడిలో చదివిన నాకు పద్యం చెవికి ఎక్కింది అలాగే. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, అమ్మ బియ్యం ఏరుతుంటే పక్కన ఉన్నాను, అంతే.

కాసెట్టు రోజుల్లో ఇంకో పద్ధతి వచ్చింది. కాగితం మీద పాటల పట్టీ రాసి, ఖాళీ కాసెట్టుతో సహా రికార్డింగు షాపులో ఇస్తే నాలుగు రోజుల్లో నింపి ఇచ్చేవారు. తొంభై నిమిషాల కాసెట్టులో రెండు వైపులా కలిపి పాతిక పాటలు పట్టేవి. మరీ సాగదీస్తే టేపు చుట్టుకుపోయేది. అమ్మ పట్టీని నేను రాసేవాణ్ణి. ఆమె చెబుతుంటే తెలుగులో రాయాలి, ఆ షాపతనికి మాత్రం అర్థమయ్యేలా కింద కన్నడంలోనో ఉర్దూలోనో మళ్ళీ రాయాలి. ఒక పాటకు మూడు లిపుల్లో పేరు. ఆ చిక్కు ఇప్పటికీ తీరలేదు, ముందు చెబుతాను.

మా ఇంటికి కంప్యూటరు 2004లో వచ్చింది. హాల్లో, పాత రేడియో ఉండే బల్ల మీదే పెట్టాం. అందులో విండోస్ ఎక్స్‌పి. 2001లో వచ్చిన ఆ ఏర్పాటులో ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో పేరు, ఒక్కో బొమ్మ, ఒక్కో తాళం. ప్రతివారికీ సొంత పాటల అర ఉండేది. అందరికీ ఉమ్మడిగా ‘షేర్డ్ మ్యూజిక్’ అని ఇంకో అర ఉండేది. అది చూడగానే నాకు మా పాత ఇంటి వసారా గుర్తొచ్చింది: గదులు ఎవరివి వారివి, వసారా అందరిదీ. కానీ పిల్లలు వసారాలోకి రాలేదు. నచ్చిన పాట ఎవరి గదిలో వారు దాచుకున్నారు. ఒకే పాట నాలుగు చోట్ల నాలుగు నకళ్ళు. నలభై గిగాబైట్ల డిస్కు నిండిపోతున్నదని గోల. సీడీకి నూటయాభై పాటల చొప్పున సంతలో దొరికే రోజులవి, నిండక ఏం చేస్తుంది?

మా అబ్బాయి ఐట్యూన్స్ పెట్టాడు. 2003 అక్టోబరులో అది విండోస్‌కు కూడా వచ్చింది. పాటలన్నీ ఉమ్మడి అరలోకి చేర్చి, ఎవరి పట్టీ వారు ఆ అర మీదనే కట్టుకునేలా ఏర్పాటు చేశాడు. పాట ఒక్కటే, పట్టీలు నాలుగు. చక్కని ఉపాయమే. కాకపోతే ఒకరు కొత్త పాట వేస్తే రెండోవారి పట్టీలో దానంతట అది కనిపించదు, వారూ చేర్చుకోవాలి. ఒకరు పాటను డిస్కు మీద నుంచే తుడిచేస్తే రెండోవారి పట్టీలో పేరు మిగిలి, పక్కన ఆశ్చర్యార్థకం గుర్తు వచ్చేది. ఒకరోజు అమ్మ పట్టీలో వరసగా పదకొండు ఆశ్చర్యార్థకాలు. ‘నా పాటల్ని ఎవరు తీసేసిండ్రురా?’ అని అడిగింది. మనవరాలు జాగా కోసం ‘పాత ఫైళ్ళు’ తుడిచింది. అందులో మాయాబజార్ కూడా ఉంది. ‘నాయనమ్మా, అవి ఎవరూ వినరనుకున్నా’ అన్నదా పిల్ల. కాసెట్లు ఇంకా అటక మీద ఉన్నాయి గనుక సరిపోయింది.

అసలు ఆ పిల్ల వాటిని గుర్తుపట్టకపోవడానికి కారణం ఉంది. ఎం.పి.3 ఫైలు చివర పాట వివరాలు రాసే చీటీ ఒకటుంటుంది. 1996లో మొదలైన ఆ చీటీ మొత్తం 128 బైట్లు. పాట పేరుకు 30, పాడినవారికి 30, ఆల్బమ్‌కు 30. రోమన్ అక్షరానికి ఒక బైటు చాలు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు రాస్తే అక్షరానికి మూడు, గుణింతానికి మళ్ళీ మూడు. ‘మాయాబజార్’ అన్న పేరొక్కటే 27 బైట్లు తింటుంది. ఇక పల్లవి ఎక్కడ పడుతుంది? సంగీతరీతికి మొదట ఇచ్చిన ఎనభై అంకెల్లో పోల్కా నాట్యానికి ఒక అంకె ఉంది, మన పద్యానికి లేదు. 1998లో వచ్చిన రెండో తరహా చీటీలో యూనికోడ్‌కు చోటిచ్చారు. కానీ అప్పటికే ఎవరికి తోచిన రోమన్‌లో వారు రాయడం అలవాటైంది. ఘంటసాల పేరే మా డిస్కులో ఏడు రకాలుగా ఉంది, ఏడుగురు గాయకులన్నట్టు ఏడుచోట్ల వేరువేరుగా. అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళు రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్.టి.ఎస్. పద్ధతిలో రోమన్ నుంచి తెలుగుకు మార్చుకునే దారి 1990లలోనే వేశారు. మా బోటి సరిహద్దు ఊళ్ళకు అది ఆలస్యంగా చేరింది.

హక్కుల మాట కూడా ఒకటి. మన చట్టంలో ధ్వనిముద్రణ మీద హక్కు అరవై ఏళ్ళు. 1957 నాటి రికార్డులకు అది 2017తో తీరింది. రాసినవారి హక్కు వేరు. పింగళి నాగేంద్రరావు గారు 1971లో పోయారు గనుక ఆయన మాటలకు ఇంకా గడువుంది. ఇంట్లో నలుగురం వినడానికి ఈ లెక్కలతో పని లేదు, ఊరికి పంచాలంటే మాత్రం ఉంది.

ఇప్పుడు ఎవరి ఫోను వారిది, చెవిలో ఎవరి తీగ వారిది. తీగ కూడా పోయింది. వినేదాన్ని బట్టి ఫోనే తరువాతి పాట ఎంచి పెడుతుంది. నా మనవడికి తెలుగు పాట ఎంచదు, వాడు ఎప్పుడూ అడగలేదు కాబట్టి. తెలుగు జిల్లాల్లో ఇది పెద్ద నష్టం కాకపోవచ్చు. అక్కడ హోటల్లో, బస్సులో, పెళ్ళిలో పాట వద్దన్నా వినిపిస్తుంది. బీదరులో మా ఇంటి గోడలు దాటితే కన్నడం, దక్కనీ, మరాఠీ. మూడూ తీయని భాషలే, నాకూ వచ్చు. కానీ తెలుగు చెవిన పడేది హాల్లోనే, అదీ ఎవరో ఒకరు గట్టిగా పెడితేనే.

అందుకని పాత డిస్కును హాల్లో స్పీకర్లకు కలిపి ఉంచాను. సాయంత్రం దీపాల వేళ గంటసేపు మోగుతుంది, తాళం లేదు, ఎవరైనా మార్చవచ్చు. మనవడు మార్చేస్తాడు కూడా. మార్చే ముందు సగం పాట వింటాడు. చీటీలన్నీ తెలుగులో తిరగరాస్తున్నాను. ఇప్పటికి ఆరువందల పైన అయ్యాయి. అమ్మ కాసెట్ల నుంచి ఎక్కించినవాటిలో ఎవరు పాడారో తేలనివి ముప్ఫై దాకా ఉన్నాయి. వాటి నకలు జహీరాబాదులో మా మేనమామ కొడుక్కి పంపాను, అక్కడి పెద్దవాళ్ళకు వినిపించి పేర్లు రాయించమని.