గొంతు మారిన రోజులు

కార్వాన్‌లో మా ఇంటికి రెండిళ్ళ అవతల ఒక కుర్రవాడున్నాడు. ఇంజనీరింగు చదువు. నల్ల చొక్కా తప్ప తొడగడు, మెటల్ సంగీతం తప్ప వినడు. 2024 నవంబరులో లింకిన్ పార్క్ బృందం 'ఫ్రమ్ జీరో' అనే కొత్త ఆల్బం విడుదల చేసిన వారం, మొహం వేలాడేసుకుని వచ్చి మా అరుగు మీద చతికిలబడ్డాడు. ఆ బృందపు గాయకుడు చెస్టర్ బెన్నింగ్టన్ 2017లో ప్రాణం తీసుకున్నాడు. ఏడేళ్ళ తరువాత ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే ఆవిడను ఆ స్థానంలో నిలబెట్టారు.

"పేరు అదే పెట్టుకున్నరంకుల్, గొంతు వేరే. గిది వాళ్ళ పాటెట్లయితది?"

వాడి సంగీతం నాకు తలకెక్కదు. ఆ ప్రశ్న మాత్రం నాకు పాత చుట్టం. పదకొండేళ్ళ వయసులో, ఇదే వీధిలో, ఇంచుమించు ఇవే మాటలలో విన్నాను. అందుకే ఈ టపా.

1974 ఫిబ్రవరి 11న మద్రాసులో ఘంటసాల వెంకటేశ్వరరావుగారు కన్నుమూశారు. 1922 డిసెంబరులో పుట్టిన మనిషి, అంటే యాభై రెండేళ్ళు కూడా నిండలేదు. మా చిన్నాయనకు అప్పట్లో మైకు సెట్టు దుకాణం ఉండేది. రెండు ఆహుజా హారన్లు, ఒక ఆంప్లిఫయరు, రేకు పెట్టెలో కుక్క బొమ్మ రికార్డులు. పెళ్ళిళ్ళకూ, బోనాలకూ, గణపతి నవరాత్రులకూ ఆయనే దిక్కు. ఆ సాయంత్రం రేడియోలో వార్త విని దుకాణం తలుపు సగానికి దించి కూర్చున్నాడు. మా పినతల్లి అన్నం తినమంటే ఒక్క మాటే అన్నాడు: "రామారావు మూగోడయిండు."

ఈ మాటలోని తర్కాన్ని నేటి కుర్రవాళ్ళకు వివరించడం కష్టం. మెటల్ బృందంలో గాయకుడు వేదిక మీద, వెలుతురులో, అందరి కళ్ళెదుట ఉంటాడు. అతడు పోతే ఒక మనిషి పోయినట్టు తెలుస్తుంది. మన సినిమాలో గాయకుడు కనబడడు. పాట ముందుగా రికార్డయిపోతుంది, నటుడు దానికి పెదవులు కదుపుతాడు, మనం ఆ రెండింటినీ కలిపి ఒక మనిషిని తయారు చేసుకుంటాము. ఘంటసాల పోయిన మరునాడు కూడా రామారావూ, నాగేశ్వరరావూ నిక్షేపంగా ఉన్నారు. కానీ ప్రేక్షకుడు తన మనసులో కట్టుకున్న రామారావు సగం చచ్చిపోయాడు. చిన్నాయన ఏడ్చింది అందుకు.

ఇక్కడ చరిత్ర కొంచెం చిలిపిది. నాగేశ్వరరావుగారు 'సీతారామ జననం' (1944) నాటికి తన పాటలు తానే పాడుకున్నారు. ఆయనకు వేరొకరు పాడడమే ఒకనాటి వింత. ఘంటసాల వచ్చి, 'పాతాళభైరవి' (1951)తోనూ 'దేవదాసు' (1953)తోనూ ఆ వింతను అలవాటు చేశారు. పోనీ, ఆ తరువాతైనా ఆయనది ఏకచ్ఛత్రమా అంటే అదీ కాదు. 'విప్రనారాయణ' (1954)లో నాగేశ్వరరావుకూ, 'మిస్సమ్మ' (1955)లో రామారావుకూ పాడినది ఎ. ఎం. రాజా. మా చిన్నాయనకు 'మిస్సమ్మ' పాటలంటే ప్రాణం. "ఘంటసాల లేకుంటె రామారావు లేడు" అని ఉపన్యసిస్తూ, ఆ నోటితోనే సూదిని 'మిస్సమ్మ' రికార్డు మీద దించేవాడు. నేను ఎత్తి చూపితే, "అది వేరే సంగతిరా" అనేవాడు. ఎట్లా వేరో ఏనాడూ చెప్పలేదు. అభిమానికి చరిత్ర అక్కరలేదు. తన ఇరవయ్యో ఏట చెవిలో పడిన గొంతే వాడికి అనాది.

ఎదురు వరుసలో ఒక చాయ్ హోటలు ఉండేది. దాని యజమానిని మేము చాచా అనేవాళ్ళం. కార్వాన్ అంటేనే బిడారు. గోల్కొండకు వెళ్ళే వర్తకులు దిగిన చోటు. వజ్రాల బేరగాళ్ళూ, గుజరాతీ సాహుకార్లూ మసలిన పేట. 1671లో కట్టిన టోలీ మసీదు నీడలో తెలుగూ, ఉర్దూ, మరాఠీ, గుజరాతీ ఒకే చాయ్ బల్ల మీద కలిసే ప్రాంతం. చాచాకు తెలుగు సినిమాతో పని లేదు, రఫీ సాబ్ పాడితే తప్ప. 'భలే తమ్ముడు' (1969)లో రామారావుకు మహమ్మద్ రఫీ పాడారు. తిరిగి 'ఆరాధన' (1976)లో పాడారు. అవి రేడియోలో వస్తే చాచా గల్లా పెట్టె వదిలి బయటికి వచ్చి, "సునో మియా, తుమ్హారే రామారావ్ కో ఆవాజ్ మిల్ గయీ" అని చిన్నాయనను ఉడికించేవాడు. చిన్నాయనకు ఆ ఉచ్చారణ ముల్లు గుచ్చినట్టుండేది. నాకు మాత్రం, తెలుగు అక్షరాన్ని అంత భయభక్తులతో, గాజు గ్లాసును పట్టుకున్నట్టు పలికిన వారిని మరొకరిని వినలేదనిపిస్తుంది.

అసలు తగవు ఆ స్థానానికి వచ్చిన ఇద్దరి గురించి. ఇద్దరూ ఘంటసాల బతికి ఉండగానే వచ్చినవారు. ఈ సంగతి చాలామంది మరిచిపోతారు. ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యం తొలి పాట 1966 డిసెంబరులో, కోదండపాణిగారి సంగీతంలో, 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' కోసం రికార్డయింది. 'ఏకవీర' (1969)లో ఒక యుగళగీతంలో రామారావుకు ఘంటసాల, కాంతారావుకు బాలు, పక్కపక్కన పాడారు. వి. రామకృష్ణ 'భక్త తుకారాం' (1973)లో ఘంటసాలతో పాటు నాగేశ్వరరావుకు పాడాడు. ఘంటసాల పోయిన కొన్ని వారాలకు వచ్చిన 'అల్లూరి సీతారామరాజు'లో శ్రీశ్రీ రాసిన ప్రసిద్ధ గీతం ఉంది కదా, జాతీయ పురస్కారం తెచ్చినది. అందులో వినబడే రెండు గొంతులూ ఘంటసాలవీ, రామకృష్ణవీ. 1974 మే నెలలో ఆ పాట మా వీధి హారన్లలో మోగుతుంటే, పోయినవాడూ ఉన్నవాడూ కలిసి పాడుతున్నారని నాకు ఒళ్ళు జలదరించింది.

రామకృష్ణ గొంతులో సహజంగానే పెద్దాయన పోలిక ఉంది. నిండుగా, బరువుగా ఉంటుంది. వీధి తీర్పు వెంటనే ఆయన వైపు మొగ్గింది. బాలు గొంతు లేతది, సన్నది. "గీ పిల్లగాని గొంతు కృష్ణునికి నడుస్తది గని దుర్యోధనునికి నడుస్తదారా?" అని చిన్నాయన తేల్చేశాడు. నేను రహస్యంగా బాలు పక్షం. 'చెల్లెలి కాపురం' (1971) పాట ఒకటి మేడ మీద ఎవరూ లేనప్పుడు పాడుకునేవాణ్ణి. దొరికిపోతే ఇంట్లో పరువు పోయేది.

1977లో పరిస్థితి తిరగబడింది. జనవరిలో 'దాన వీర శూర కర్ణ' వచ్చింది. అందులో బాలూ ఉన్నాడు, రామకృష్ణా ఉన్నాడు. ఏప్రిల్‌లో 'అడవి రాముడు'. అందులో రామారావుకు అన్నీ బాలు పాటలే. ఊరంతా ఈలలు. అదే ఏడు 'ఆలుమగలు'లో బాలు ఒక పని చేశాడు. నాగేశ్వరరావు మాట్లాడే తీరునూ, ఆ ముక్కు జీరనూ, మాట చివర విరుపునూ పట్టుకుని, అచ్చం ఆయనే పాడినట్టు పాడాడు. ఆ రికార్డు మొదటిసారి వేసిన నాడు చిన్నాయన వేలు ఎత్తి, "విన్నవా? విసిగిపోయి నాగేశ్వరరావే పాడుకున్నడు!" అన్నాడు. నేను రికార్డు చీటీ చూపించలేదు. ఆ సంతోషాన్ని రెండు రోజులు ఉండనిచ్చాను. మూడో రోజు చాచాయే బయటపెట్టాడు.

ఇది ఆలోచించదగిన విషయం. బాలు అనుకరించినది ఘంటసాలను కాదు, నటుణ్ణి. పోయిన గొంతుతో పోటీకి దిగకుండా, ఆ గొంతు ఎవరి నోటికి అతుక్కుని ఉండేదో ఆ నోటి దగ్గరికే నేరుగా వెళ్ళాడు. రామకృష్ణకు ఆ దారి చిక్కలేదు. పోలికే ఆయనకు వరమూ, శాపమూ అయింది. మొదట పోలిక కోసం మెచ్చినవారే, తరువాత పోలిక తప్ప ఏముందన్నారు. 2015లో ఆయన పోయినప్పుడు వచ్చిన నివాళులలో కూడా ఘంటసాల పేరు లేనిది నాకు కనబడలేదు. ఇది అన్యాయమని నా అభిప్రాయం.

మా కుర్రవాడికి ఇదంతా చెబితే, వాడి లోకంలోనూ ఇలాంటివి ఉన్నాయన్నాడు. జూడాస్ ప్రీస్ట్ అనే బృందం తమ గాయకుడు విడిపోయాక, 1996లో, తమ పాటలనే అచ్చుగుద్దినట్టు పాడే టిమ్ ఓవెన్స్‌ను తెచ్చుకుంది. రెండు ఆల్బంలు చేసింది. 2003లో పాత గాయకుడు తిరిగి రాగానే ఓవెన్స్ వెళ్ళిపోవలసి వచ్చింది. దీనికి ఎదురు ఉదాహరణ ఎ.సి./డి.సి. వాళ్ళది. వారి గాయకుడు బాన్ స్కాట్ 1980 ఫిబ్రవరి 19న చనిపోయాడు. బ్రయన్ జాన్సన్ అనే కొత్త మనిషితో జూలైలోనే 'బ్యాక్ ఇన్ బ్లాక్' వచ్చింది. ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన ఆల్బంలలో అదొకటట. అట్ట మొత్తం నలుపు, పోయినవాడికి సంతాపంగా. ఆ మాట విని నాకు ఆ బృందం మీద గౌరవం కలిగింది, పాట వినగలిగానని మాత్రం చెప్పను.

1980 ఫిబ్రవరి అనగానే నాకు తోచేది వేరు. ఆ నెల 2వ తేదీన 'శంకరాభరణం' విడుదలైంది. శాస్త్రీయ సంగీతం నేర్వని బాలు, సంగీత విద్వాంసుడి పాత్రకు పాడి జాతీయ పురస్కారం అందుకున్నాడు. కొన్ని వారాల పాటు మా చిన్నాయన దుకాణంలో వేరే రికార్డు తిరగలేదు.

2020 సెప్టెంబరు 25న బాలు పోయారు. ఆయన నడిపిన 'పాడుతా తీయగా' మరుసటి ఏడు కొడుకు చరణ్ వ్యాఖ్యానంతో తిరిగి మొదలైతే, నేను రెండు నిమిషాలు చూసి టీవీ కట్టేశాను. ఆ పిల్లవాడు చేసిన తప్పేమీ లేదు. నా భార్య నన్ను చూసి, "అచ్చం మీ చిన్నాయనే" అంది.

ఘంటసాల భగవద్గీత మాత్రం ఇప్పటికీ మా వీధిలో వినబడుతుంది, పురానాపూల్ వైపు వెళ్ళే వైకుంఠ రథాలలో. ఆ గొంతు వినగానే తలుపులు తెరిచి ఎవరు పోయారని చూస్తాము. కుర్రవాడికి ఘంటసాల అంటే అదే. వాడికి 'పాతాళభైరవి' వినిపించాను. "గీయన నవ్వుకుంట గూడ పాడతడా!" అని ఆశ్చర్యపోయాడు.

మొన్న వాడే అడిగాడు, మీ చిన్నాయన చివరికి బాలును ఒప్పుకున్నాడా అని. జరిగింది చెప్పాను. 'శంకరాభరణం' రికార్డు అరిగిపోతే చిన్నాయన రెండోది కొన్నాడు. ఎవరైనా బాగుందంటే తల ఊపి, "మహదేవన్ మంచిగ జేసిండు" అనేవాడు.