మూఁతల కథ

నారాయణఖేడునందలి మాయింటి పాయిఖానా నీటితొట్టి యొకరాత్రి యెడతెగక కారఁజొచ్చెను. బిందెడు నీటికై వేకువనే బావిగట్టునఁ గాచిన బాల్యము నాది; నిదుర పట్టలేదు. తెఱచి చూడఁగా, అడుగురంధ్రమును మూయు రబ్బరుబిళ్ళ యరిగియున్నది.

ఈ మూఁతల కథ పాతది. ఎలిజబెత్తు రాణి కొలువునందలి హారింగ్టను కవి 1596లో, తొట్టినీటితోఁ గడుగు పాయిఖానాను గూర్చి గ్రంథమే వ్రాసెను. గొట్టమునకు వంపు లేమిచే దుర్గంధము మాత్రము పోలేదు. 1775లో లండనునందు గడియారములు చేయు కమ్మింగు గొట్టమును వంచి, వంపున నీరు నిలిపి, దాని నడ్డగించెను. ఆతఁడు బేసిను క్రింద నమర్చిన జారుమూఁతకు మాఱుగా 1778లో బ్రామా యను వడ్రంగి కీలుమూఁతను బెట్టెను. ఇరువురును చేతిపనివారే, శాస్త్రము వల్లించిన నావంటివారికిఁ దట్టెడి యుపాయములా యివి!

మఱునాఁడు కుళాయి మూసి, తొట్టి ఖాళీచేసి, బజారునఁ దెచ్చిన క్రొత్తబిళ్ళను నేనే తగిలించితిని. రాత్రి తొట్టిలోఁ జిటికెడు పసుపు కలిపితిని. వేకువఁ జూడఁగా, బేసినులో నీరు తెల్లగనే యున్నది.