చీరాల

చీరాల ఆంధ్రప్రదేశ్‌లోని బాపట్ల జిల్లాకు చెందిన పట్టణం, పురపాలక సంఘం. బంగాళాఖాతం తీరానికి కొద్ది కిలోమీటర్ల లోపల, విజయవాడ–గూడూరు రైలు మార్గం మీద ఉంది. 1970 వరకు గుంటూరు జిల్లాలోను, తరువాత ప్రకాశంలోను ఉండి, 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లాలో చేరింది. 2011 జనగణన నాటికి పురపాలక పరిధిలో జనాభా సుమారు 87 వేలు. కానీ పక్కనున్న జాండ్రపేట, ఈపూరుపాలెం, వేటపాలెం, ఓడరేవులను వదిలేసి చీరాల గురించి చెప్పడం కుదరదు.

మునిసిపాలిటీ వద్దని ఊళ్ళు ఖాళీ చేసిన చరిత్ర ఈ పట్టణానిది. చీరాల, పేరాల, మరి రెండు పల్లెలు కలిసిన యూనియన్ ఏటా నాలుగు వేల రూపాయల పన్ను కట్టేది. మద్రాసు ప్రభుత్వం దాన్ని మునిసిపాలిటీ చేయడంతో ఆ భారం నలభై వేలకు చేరువైంది. ఎక్కువమంది మగ్గం మీద, కూలి మీద బతికేవాళ్ళు. అంత పన్ను వారి తాహతుకు మించినది. ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో పన్ను నిరాకరించారు. 1921 ఏప్రిల్‌లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల తరువాత గాంధీ ఇక్కడికి వచ్చారు. మునిసిపాలిటీ హద్దు దాటి వెళ్ళిపోతే పన్ను అడిగే హక్కే ప్రభుత్వానికి ఉండదన్న ఆయన ఆలోచన ఊరికి నచ్చింది. సుమారు పదిహేను వేల జనంలో పదమూడు వేల మంది ఇళ్ళకు తాళాలు వేసి, బయట వేసుకున్న పాకల్లోకి చేరారు. ఆ పాకల ఊరే రామనగరం. దుగ్గిరాల తీర్చిదిద్దిన రామదండు కార్యకర్తలు అక్కడి మంచిచెడ్డలు చూశారు. ఎండనూ వాననూ ఓర్చి దాదాపు పదకొండు నెలలు నిలిచారు. ఈలోగా దుగ్గిరాలను అరెస్టు చేసి జైలుకు పంపారు. చేతిలో డబ్బు అయిపోయింది. జనం తిరిగి ఇళ్ళకు రాక తప్పలేదు. పన్ను పోలేదు గనుక దీన్ని ఓటమిగా లెక్కగట్టేవారు ఉన్నారు. కడుపు నిండని కుటుంబాలు అన్నాళ్ళు మాట మీద నిలబడడమే ఈ ఉద్యమంలో అసలు ఘనత.

ఊరికి పేరు తెచ్చింది నేత. పద్మశాలి, దేవాంగ కుటుంబాలు ఈ పనిలో ప్రధానం. ఒకప్పుడు ఇక్కడి ఆసియా రుమాళ్ళు, అంటే తేలియా రుమాళ్ళు, అరబ్బు దేశాలకూ తూర్పు ఆఫ్రికాకూ ఓడలెక్కేవి. నూనె, ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్ళలో నూలును రోజుల తరబడి నానబెట్టి పిండి, చిటికి కట్టి ఎరుపు, నలుపు రంగులు అద్దేవారు. అరబ్బులు తలకు చుట్టుకున్న ఆ బట్టనే ఇక్కడి పల్లెకారులు, పశువుల కాపరులు లుంగీగా, తలపాగాగా వాడారు. చీరాలలో ఆ నేత దాదాపు కనుమరుగైంది; తెలంగాణలోని పుట్టపాకలో మాత్రం బతికింది, 2020లో భౌగోళిక గుర్తింపు కూడా పొందింది. ఇప్పుడు చీరాల మగ్గాల మీద కుప్పడం చీరలు ప్రసిద్ధం. నేతగాళ్ళ కోసం జీవితమంతా పోరాడిన ప్రగడ కోటయ్య ఈ నియోజకవర్గం నుంచే శాసనసభకు ఎన్నికయ్యారు. మహాత్మాగాంధీ క్లాత్ మార్కెట్ వల్ల చుట్టుపక్కల జిల్లాల వ్యాపారులకు ఈ ఊరు బట్టల బజారు.

ఓడరేవు మత్స్యకారుల పల్లె. సాయంత్రాలు, సెలవు రోజులు ఇప్పుడు పర్యాటకులతో నిండుతున్నా, ఆ ఇసుక మొదట పడవలది, వలలది. ఏటా వేసవిలో వేట నిషేధం రెండు నెలలు పొయ్యి వెలిగించడమే కష్టమయ్యే కాలం.

పొగాకు మరో ఆధారం. ఇక్కడి ఐఎల్‌టీడీ పొగాకు కంపెనీ కర్మాగారం వేలమందికి కూలి ఇచ్చింది. ఆకు ఏరి గ్రేడు చేసే చోట ఆడవాళ్ళే ఎక్కువ. వారిలో స్టూవర్టుపురం నుంచి వచ్చినవారూ ఉండేవారు. నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాలను ఉంచడానికి సాల్వేషన్ ఆర్మీ 1910ల్లో నెలకొల్పిన సెటిల్‌మెంటు అది. పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసిన ఆ చట్టం ఎంత అన్యాయమైనదో, హాజరు వేయించుకుని కంపెనీ పనికి వెళ్ళిన ఆ కుటుంబాల బతుకే చెబుతుంది. చట్టం రద్దయి దశాబ్దాలు గడిచినా, సినిమాలూ పత్రికలూ ఆ ఊరి పేరును దొంగతనంతో ముడిపెట్టడం మానలేదు.

వేటపాలెంలోని సారస్వత నికేతనం 1918లో మొదలైన గ్రంథాలయం. దాని భవనానికి 1929లో గాంధీ శంకుస్థాపన చేశారు. పాత తెలుగు పత్రికల సంచికల కోసం పరిశోధకులు నేటికీ చీరాలలో రైలు దిగి అక్కడికి వెళుతుంటారు.